హాగరు పెట్టిన పేరు

యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని నాలుగేళ్లు ఉన్నాను. బైబిలును హీబ్రూ నుంచి కొత్తగా తెలుగు చేస్తున్న బృందంలో నాది దేవుడి పేర్ల పని. హీబ్రూలో ఆయనకు చాలా పేర్లున్నాయి. ఏ పేరును ఉన్నదున్నట్టు ఉంచాలో, దేనికి తెలుగు మాట వెతకాలో తేల్చాలి. ఇది కూడా ఒక ఉద్యోగమేనని ఏలూరులో మా అమ్మకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

కింద ఇంటివాళ్లు ఇద్దరే. ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. భర్త ఛత్తాబజారులో నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టి అట్టలు కట్టిన మనిషి. నేను చేరిన రెండో ఏడు ఆయనకు మతిమరుపు మొదలైంది. నా చిత్తుకాగితాలు ఒళ్లో పెట్టుకుని అంచులు సరిచేస్తూ కూర్చునేవాడు. తన పేరు అడిగితే తడుముకునేవాడు. బయటికి వెళ్లి తప్పిపోతాడని ఖాలా గేటు గొళ్లేనికి గుడ్డ చుట్టి ముడేసేది. కానీ ఆ వేళ్లకు ముడులు విప్పడం మాత్రం గుర్తుంది.

ఒకరోజు ఖాలా టీ పట్టుకుని పైకొచ్చింది.

"పొద్దంత ఏం రాస్తవ్ బేటీ?"

"దేవుడి పేర్లు ఖాలా. హాగరు దగ్గర ఆగిపోయాను. యజమానురాలి బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది కదా, కడుపుతో. అక్కడ తనతో మాట్లాడిన దేవుడికి తనే ఒక పేరు పెట్టింది. ఎల్ రోయీ అని."

"మా హాజిరా బీబీనా? గా మాటకు అర్థమేంది?"

"నన్ను చూసే దేవుడు అనొచ్చు. నేను చూసిన దేవుడు అని కూడా అనొచ్చు. ఏదో తేలడం లేదు."

"గింతదానికి ఇన్ని రోజులా?" అని నవ్వింది. "మా దాంట్ల గూడ ఉన్నది, బసీర్ అని. ఆయన చూడంది ఏముంటది?"

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. ఖాలా నిద్రపోతోంది. కిటికీ పక్కన నా బల్ల దగ్గర తలెత్తితే గేటు కనిపిస్తుంది. ఆయన ముడి విప్పుతున్నాడు. తెల్ల బనీను, నీలం గళ్ల లుంగీ, కాళ్లకు చెప్పుల్లేవు. ఖాలాను లేపాలని అనిపించింది. ఈ ఒక్క వాక్యం పూర్తిచేసి లేద్దామనుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి గేటు తెరిచి ఉంది, సందు ఖాళీగా ఉంది. అప్పుడైనా పరుగెత్తలేదు. మూలమీది మసీదు దాకా వెళ్లుంటాడు, ఎవరో ఒకరు తీసుకొస్తారు, ఇదివరకూ అలాగే జరిగింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం అసర్ నమాజు వేళకు ఖాలా కేక వినిపించింది. స్టేషన్, దర్గాలు, ఆసుపత్రులు, అటు బహదూర్‌పురా దాకా ఆటోలో తిరిగాం. పోలీస్ స్టేషన్‌లో అడిగారు, "ఎన్ని గంటలకు పోయిండమ్మా?"

"నిద్రల ఉన్న సార్, తెల్వది" అంది ఖాలా.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆరోరోజు మూసీ ఒడ్డున శవం దొరికిందని కబురొచ్చింది. మార్చురీకి నేనూ వెళ్లాను. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఖాలా కుడిచేతి బొటనవేలు చూపించమంది. సూదీ దారం లాగి లాగి అక్కడ కాయ కాచింది. చూసి, "ఆయననే" అంది. ఇల్లు చేరేదాకా ఏడవలేదు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. అప్పుడు చెప్పాను.

"ఖాలా, ఆ రోజు ఆయన గేటు దగ్గర ముడి విప్పడం నేను చూశాను."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఎటు దిక్కు పోయిండు?"

"తెలీదు. రాసుకుంటూ తల దించుకున్నాను."

"భయపడ్డట్టు ఉండెనా?"

"లేదు. నిమ్మళంగా ఉన్నాడు."

"నన్ను లేపకపోతివా?"

నేను ఆ గిన్నె అందుకోబోయాను, ఆమె పక్కకు జరిపింది.

"నలభై రోజులు నా పక్కన కూసొని తిన్నవ్." ఆమె గొంతు పెరగలేదు. "నెలాఖరుకు రూములు ఖాళీ చెయ్యి బేటీ."

మలక్‌పేటకు మారాను. బృందం సమావేశంలో "నన్ను చూసే దేవుడు" అన్నదే ఖాయం చేశారు. రెండో అర్థం పేజీ అడుగున గమనికలోకి పోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. నేనూ చెయ్యెత్తాను.

ఆ తర్వాత రెండుసార్లు యాకుత్‌పురాలో రైలు దిగి సందు మొదటిదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మూడోసారి గేటు దాకా వెళ్లాను. లోపల ఎవరో కొత్తవాళ్లు గోడలకు సున్నం వేయిస్తున్నారు. ఖాలా ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిందట. ఆ చెల్లెలు ఏ ఊళ్లో ఉంటుందో వాళ్లకు తెలియదు. నాలుగేళ్లలో నేనూ ఎప్పుడూ అడగలేదు.