ఎలియేసర్ జావాకు సీసమా, లిథియమా

మా ఓల్గీన్ పట్నంలో ప్రెషర్ కుక్కర్లు బాగుచేసేవాడిది బిషప్పు తర్వాతి స్థానం. బిషప్పు రాకపోయినా ఆదివారం గడిచిపోతుంది. కుక్కరు విజిల్ వెయ్యకపోతే మాత్రం నల్ల చిక్కుడు గింజలు ఉడకవు, అవి ఉడకకపోతే కాపురాలు నిలవవు. ఈ సూత్రం మీద ముప్పయ్యొక్కేళ్ళుగా బతుకుతున్నవాడు మా పక్కింటి ఎలియేసర్ పూపో.

ప్రతి గురువారం రబ్బరు రింగులు దండలా మెళ్ళో వేసుకుని, జావా మోటారు సైకిలు మీద హిబారా రోడ్డు వెంట ఫ్లోరో పెరెస్ అనే ఊరి దాకా వెళ్ళేవాడు. దారి పొడుగునా కుక్కర్లకు ప్రాణం పోసి, ఇంటింటా కాఫీ తాగి, పొద్దుగూకే లోపు తిరిగొచ్చేవాడు. కాఫీ ఇంట్లోనూ దొరుకుతుంది. కానీ అక్కడ ఆయన్ను “మేష్టారూ” అంటారు, ఇంట్లో “అడ్డం లే” అంటారు.

పెట్రోలు దొరక్క ఆరు గురువారాలు వరసగా పోయాయి. ఏడో వారం కబురొచ్చింది: ఆ ఊళ్ళలో ఎవడో గుర్రబ్బండి మీద తిరుగుతూ కుక్కరు మూతలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడుగుతున్నాడట! ఈ అపచారం విన్న మర్నాడే ఎలియేసర్ జావా ఇంజను పీకేశాడు. మోటార్లకు తీగలు చుట్టే మిత్రుడు నోర్హే సాయంతో కరెంటు మోటారు బిగించాడు. ఇక మిగిలింది బ్యాటరీ. గురువారాలు దక్కాలంటే అది దొరకాలి.

మా వీధిలో మోటారు సైకిళ్ళు బయట పడుకోవు. పడుకుంటే తెల్లారేసరికి చక్రాలుండవు. హాల్లో ఊగుడు కుర్చీల మధ్య నిద్రపోతాయి. అందువల్ల బ్యాటరీ ఎంపిక మా దగ్గర విద్యుత్ శాస్త్రం కాదు, కుటుంబ ధర్మశాస్త్రం.

“లిథియం బ్యాటరీ ఈ గడప లోపలికొస్తే నేను బయటికి పోతా,” అంది ఎనెయిదా. ఆమె ఎలియేసర్ అత్తగారు, వయసు ఎనభై మూడు. “వెనక వీధిలో ఏమైంది? సోఫా కాలింది, మంచం కాలింది, చిలక కాలింది.”

“చిలక ఎగిరిపోయింది అత్తయ్యా.”

“కాలుతూనే ఎగిరింది.”

“అందులో రకాలున్నాయమ్మా,” అన్నాడు నోర్హే. “కాలేది వేరు. ఐరన్ ఫాస్ఫేట్‌ది వేరు. దాని స్వభావం మీకన్నా చల్లన.”

“విన్నావటే మిగ్దాలియా? మన కాఫీ తాగుతూ ఎంత మాటన్నాడో!” అంది ఎనెయిదా కూతురితో.

ఎలియేసర్ తలుపు మీద సుద్దతో గళ్ళు గీశాడు: బరువు, దూరం, ఆయుష్షు, అత్తగారు. సీసం బ్యాటరీకి మొదటి మూడింటిలో సున్నాలు, నాలుగో దాంట్లో నూటికి నూరు. సీసమే గెలిచింది. ఆరు పెట్టెలు, నలభై కిలోలు.

“దీనికన్నా మా అమ్మనే బండికి కట్టుకోవచ్చుగా, తేలిక,” అంది భార్య మిగ్దాలియా.

గళ్ళన్నీ గీసిన మహానుభావుడు ఒక గడి మరిచాడు. సీసానికి కడుపు నిండాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. మా వీధికి కరెంటొచ్చేది రోజుకు మూడు గంటలు, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఈ సంగతి మా కోళ్ళకు కూడా తెలుసు. ఆ గురువారం ఎలియేసర్ దారి మధ్యలోని ఆగ్వాస్ క్లారాస్ దాకానే పోగలిగాడు. తిరుగు దారిలో ఎత్తు రాగానే జావా ప్రాణం విడిచింది. నలభై కిలోల సీసాన్ని తోసుకుంటూ వస్తుంటే రొట్టెల కోసం వరసలో నిలబడ్డ ఒకడు, “ఏం మేష్టారూ, నడవమని డాక్టరు చెప్పాడా?” అన్నాడు. మూడు వారాలు అరకొర మేతతో సీసం కూడా చచ్చింది.

ఇక గత్యంతరం లేదు. ఏడాది చివరి పండక్కని పెంచుతున్న పందినిచ్చి ఎలియేసర్ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తెచ్చుకున్నాడు. రెండు గంటల్లో నిండుతుంది. “పందినిచ్చి బాంబు తెచ్చాడు,” అంది అత్తగారు. నోర్హే అలాంటిదే ఒక పాత ముక్క తెచ్చి, పెరట్లో ఆమె కళ్ళెదుటే మేకు దిగ్గొట్టాడు. ఆమె పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకుని, జపమాల చేతబట్టి చూసింది. కాస్త పొగ వచ్చి ఊరుకుంది.

“అంతేనా?” అందామె, మోసపోయినదానిలా.

అలా బ్యాటరీకి గృహప్రవేశమైంది. బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని నోర్హే కరెంటు మార్చే పెట్టె ఒకటి మధ్యలో పెట్టి, దానికి చిన్న ఫ్యాను తగిలించాడు. ఎనెయిదా ఊగుడు కుర్చీలో రెండు గంటలు నిద్రపోయింది. లేచి, చాలా కాలానికి, దేవుణ్ణి పొగిడింది.

గురువారం పొద్దున్న ఎలియేసర్ బ్యాటరీని జావాకు బిగిస్తుంటే ఆమె అడ్డొచ్చింది.

“ఎక్కడికి అల్లుడూ?”

“ఫ్లోరో పెరెస్‌కి, అత్తయ్యా.”

“వెళ్ళిరా నాయనా. బ్యాటరీ ఇక్కడుంటుంది.”

అరగంట వాదం జరిగింది. మిగ్దాలియా తటస్థంగా ఉంటానని ప్రకటించి తల్లి పక్షాన మాట్లాడింది. చివరికి ఎనెయిదా టోపీ పెట్టుకుని వెనక సీటెక్కింది, ఒళ్ళో బ్యాటరీకి తగిలించిన ఫ్యాను. బ్యాటరీ ఎక్కడుంటే తనూ అక్కడేనట.

ఆ రోజు ఎలియేసర్ పద్నాలుగు సైకిలు ట్యూబు ముక్కలు పీకి పారేశాడు. గుర్రబ్బండివాడు ఎదురుపడి, టోపీ తీసి, దారి మార్చుకున్నాడు. ప్రతి పెరట్లో అత్తగారు జావా పక్కన ఫ్యాను పెట్టుకుని కూర్చుని, మూగిన ఆడవాళ్ళకు బోధించింది: “సీసం కొన్నవాడు మూర్ఖుడు. మావాడు కొన్నాడుగా, నాకు తెలుసు. మొదట్నించీ చెబుతూనే ఉన్నా.”

తిరుగు దారిలో ఎత్తు దగ్గర ఛార్జి ముల్లు అడుక్కి జారింది.

“అత్తయ్యా, కాస్త ఆ ఫ్యాను ఆపండి. ఎక్కలేకపోతున్నాం.”

“ఫ్యానెందుకు ఆపడం? నువ్వు దిగు, బరువు తగ్గుతుంది.”

ఎలియేసర్ దిగాడు. హ్యాండిలు పట్టుకుని ఎత్తు మీదికి తోశాడు. వచ్చే గురువారానికి బాగుచేసివ్వాల్సిన కుక్కర్లు మూడు, సంచిలో ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.