మేము మార్చుకున్న క్వార్టరు

నిన్న ఖరగ్‌పూర్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. రైల్వేలో ఉద్యోగం దానికి. క్వార్టరు వచ్చిందట, మేము మొదట్లో ఉన్న లైన్లోనే. "చాలా సేఫ్ ఏరియా అత్తా! అందరూ అక్కడే కావాలంటున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. ఎనభైల్లో ఆ లైను పేరు చెబితే గోల్‌బజార్ రిక్షావాళ్ళు "జాబో నా, దీదీ", అటు రానక్కా అని మొహం తిప్పుకునేవారు. ఒప్పుకున్నవాడు కూడా మలుపులోనే దింపేసి, కూరల సంచీ చేతికిచ్చి, వెనక్కి చూడకుండా పోయేవాడు.

మా పెరటి గోడకు అవతల రైల్వే యార్డు. అక్కడ ఇనుము దొంగిలించే ముఠా వాళ్ళు పట్టపగలే గోడ దూకి, మా తులసికోట పక్కన ఇనప ముక్కలు పేర్చి, గోనె కప్పి, వీలు చూసుకుని పట్టుకుపోయేవారు. నాన్న హెడ్ క్లర్కు, ఇంట్లో మా మీద మహా శూరుడు. ఆ గోనె కనిపిస్తే మాత్రం పెరటి తలుపు గడియ వేసి, పేపర్లో దేశసమస్యలు చదువుకునేవారు. ఇద్దరు ఉద్యోగులు ఒప్పుకుంటే క్వార్టర్లు మార్చుకోవచ్చు. ఆ లైను సంగతి తెలిసినవాళ్ళెవరూ మాతో మార్చుకోలేదు. చివరికి వాల్తేరు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఫిట్టరు దొరికాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో ఆయన క్వార్టరు మాకు, మాది ఆయనకు. భార్యతో ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు పెరట్లో గోనె లేదు. ఆవిడ అమ్మను పక్కకు పిలిచింది.

"ఈ లైను మంచిది కాదంటన్నారు, నిజమేటమ్మా? మా ఆయన సూసి ఊరుకునే మనిసి కాదు, అందుకే అడుగుతన్నాను."

"అబ్బే, పదేళ్ళుగా ఉన్నాం. అలాంటిదేమైనా ఉంటే ఉండేవాళ్ళమా?" అంది అమ్మ. పదిహేడేళ్ళ నేను వాళ్ళకు టీ అందించాను.

రెండో నెలలోనే ఆ ఫిట్టరు గోనె ఎత్తి, ఇదెవరిదని గట్టిగా అడిగాడట. అదే ఇనుముతో కుడిచేయి విరగ్గొట్టారు. ఫిట్టరు పనికి ఇక పనికిరాడని డాక్టర్లు రాస్తే తేలిక పని ఇచ్చారు. అదీ నాన్న ఆఫీసులోనే, ప్యూనుగా. రోజూ ఎడంచేత్తో నాన్న బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టేవాడు. వారం తిరక్కుండా నాన్న ఇంటి నుంచి సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒకసారి గుళ్ళో ఆయన భార్య కనిపించి, "ఆ ఇల్లు మాకు అచ్చిరాలేదమ్మా, మా రాత" అంది. "కొన్ని ఇళ్ళంతే" అని అమ్మ ఆవిడ చేతిలో ప్రసాదం పెట్టింది. ఆ రోజు అమ్మను అసహ్యించుకున్నాను. అయినా నేనూ ఆవిడకు నిజం చెప్పింది లేదు.

తొంభైలు గడిచేసరికి ఆ ముఠా వాళ్ళు కొందరు ఒకరినొకరు చంపుకున్నారు, మిగిలినవాళ్ళు పెద్దమనుషులయ్యారు. యార్డు గోడ ఎత్తు పెంచారు, వీధిదీపాలు వచ్చాయి. ఆ ఫిట్టరు మాత్రం ప్యూనుగానే రిటైరయ్యాడు.

"మీరున్నారు కదత్తా, ఆ లైను మంచిదేనా?" అని ఫోన్లో మేనకోడలు అడిగింది. చెబుదామనే నోరు తెరిచాను.

"మాకు బాగా అచ్చొచ్చిందమ్మా" అన్నాను, అచ్చం అమ్మ గొంతుతో. కాలం ఆ వీధిని బాగుచేసినంత తొందరగా మమ్మల్ని బాగుచేయలేకపోయింది.