మగ్దలీనమ్మ చాప్స్ వండిన శనివారం

వంటకు ఓపిక కావాలనీ, అది ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందనీ చెప్పేవాళ్లు మగ్దలీనమ్మను చూసి ఉండరు. ముప్పై ఏళ్లు పెళ్లి వంటలు చేసిన మనిషి. రెండు నిమిషాలకోసారి గుండిగ మూత ఎత్తి, లేచిన ఆవిరిని అరచేత్తో ముఖం మీదికి విసురుకుని, ఆ వాసనను బట్టే ఉప్పు, కారం, ఉడుకు చెప్పేస్తుంది. నాలుక మీద మాత్రం వేసుకోదు. వడ్డించకముందు కూర ఎంగిలి కాకూడదన్నది ఆమెకు పని నేర్పిన మేనత్త పెట్టిన కట్టు.

ఇప్పుడామె ముత్తుకూరులో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి. కొత్త మేనేజరు నరేంద్రబాబుకు ఆమె వంట పాతగా కనబడింది. సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె, స్లో కుక్కరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. శనివారం ఒంటిగంటకు నలుగురు ఇంజినీర్లు భోజనానికి వస్తారు. పొట్టేలు పక్కటెముకలు, అదే కొట్లో చాప్స్ అంటారే అవి, అందులోనే వండాలి. కండ ఎముకను వదిలేయాలి. పైన బెల్లం, చింతపండు పాకం పూతలా మెరవాలి. కుదరలేదా, సోమవారం నుంచి నెల్లూరు కేటరింగ్‌వాళ్లు వస్తారు.

"ఎనిమిది గంటలు మూత ముట్టుకోవద్దు. తీసినప్పుడల్లా అరగంట వెనక్కి పోద్ది," అన్నాడు.

తెల్లవారి అయిదింటికి మగ్దలీనమ్మ స్విచ్చి వేసింది. ఆరింటికి అల్లం నూరింది. అవసరం లేకపోయినా గిన్నెలన్నీ మళ్లీ తోమింది. ఏడింటికి గాజు మూతకు చెమట పట్టి లోపల ఏమీ కనబడలేదు. ఎత్తింది.

"ఏందక్కా, ఊరుకోలేవా నువ్వు?" అంది కూరగాయలు తరిగే భానుప్రియ.

"ఊరికే వాసన చూసినా. చూస్తే ఏం పోద్ది?"

"అరగంట పోద్ది. సారు చెప్పలా?"

"సారు ఎప్పుడైనా అన్నం వార్చినాడా?"

ఎనిమిదికి ఇంకోసారి. ఎనిమిదిన్నరకు ఉప్పు మీద అనుమానం వచ్చింది. తొమ్మిదిన్నరకు, పదింటికి ఏ అనుమానమూ లేదు, చెయ్యే మూత మీదికి పోయింది. పదకొండుకు గరిటెతో నొక్కి చూస్తే కండ ఎముకను గట్టిగా పట్టుకునే ఉంది.

"ఆరు సార్లు తీసినావక్కా," అంది భానుప్రియ. "నాలుగింటికి ఉడుకుద్ది. వాళ్లు టీలో నంచుకుంటారులే."

మగ్దలీనమ్మకు నవ్వు రాలేదు. అరవై దగ్గర పడుతున్న మనిషికి మళ్లీ పెళ్లి పందిళ్ల పొగలోకి పోవడమంటే మాటలు కాదు. దేవుడి మీద భారం వేసి కూర్చునే రకమూ కాదు. స్విచ్చి ఆపేసింది. ముక్కలన్నీ ప్రెషర్ కుక్కర్‌లోకి మార్చి, కూతలు లెక్కపెట్టి దించింది. రసాన్ని వెడల్పాటి బాండీలో పోసి, బెల్లం, చింతపండు గుజ్జు, మిరియాల పొడి వేసి పెద్ద మంట మీద పెట్టింది. పాకం తీగ సాగేదాకా, అడుగంటకుండా, నలభై నిమిషాలు గరిటె ఆపలేదు. ముక్కలు అందులో వేసి ఒక్కొక్కటీ తిప్పుతుంటే ఎర్రటి పూత పట్టింది. కుదురుగా కూర్చునే మనిషి చేతిలో అయితే ఆ పూత మాడిపోయేది.

ఒంటిగంటకు వడ్డించింది. పటకారుతో పట్టేసరికి ఎముక ఒట్టిగా పైకి వచ్చింది. నలుగురూ వేళ్లు నాకుతూ తిన్నారు.

"మెషీన్ మహిమ," అన్నాడు నరేంద్రబాబు, అతిథుల వైపు తిరిగి.

తల వంచుకుని వంటింట్లోకి పోతే ఉద్యోగం నిలుస్తుంది. మగ్దలీనమ్మ కాలు కదపలేదు.

"మెషీన్ కాదు సార్. పదకొండుకే దాన్ని ఆపేసినా. ఇది స్టవ్వు మీద చేసింది."

నరేంద్రబాబు ముఖం బిగుసుకుంది. నెరిసిన గడ్డం ఇంజినీరు పళ్లెం ముందుకు జరిపి, "ఏ పొయ్యయితే ఏందమ్మా, ఇంకో రెండు ముక్కలెయ్యి," అన్నాడు. మిగతా ముగ్గురి పళ్లేలూ వెనకే జరిగాయి.

వాళ్లు చేతులు కడుక్కుంటుండగా నరేంద్రబాబు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "సరే, కేటరింగ్‌వాళ్లకు వద్దని చెప్తాలే."

"ఎప్పుడు చెప్తారు సార్?"

"సాయంత్రం చెప్తా."

"ఇప్పుడే చేయండి సార్ ఫోను," అంది మగ్దలీనమ్మ, చేతిలో గరిటెతో. "నేను ఇక్కడే నిలబడుకోనుంటా."