నీలయ్య వేసిన ముడి

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని శాలువాలా కప్పుకుని తిరుగుతున్నాను. మొదట్లో అది బరువనిపించలేదు. వెచ్చగానే ఉండేది. ఈమధ్యనే మోయలేకపోతున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందే ఒక మాట. నేను ఫిడేలు బాగా వాయిస్తాను. టెక్కలి నుంచి బారువ దాకా ఇంతకంటే బాగా వాయించేవాడు ఇంకొకడుంటే రమ్మనండి, కూర్చుని వింటాను. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు ఇలా డబ్బా కొట్టుకుంటాడా అని మీకు అనిపించవచ్చు. ఏం చెయ్యను, నా తప్పంతా ఈ గర్వంలోంచే పుట్టింది. దాన్ని దాచి మిగతాది చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఆ రోజుల్లో అక్కుపల్లి బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. టెక్కలిలో ఒక స్నేహితుడి దగ్గర పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రెండు వందల ఏళ్ల కిందటి ఇటలీ ఫిడేలు విద్వాంసుడి జీవితం. బక్కపలచటి మనిషి, నల్ల కోటు, చాలా పొడుగాటి వేళ్లు. తన కోసం తానే సంగీతం కట్టుకున్నాడట, దాన్ని వాయించలేక మిగతావాళ్లు చేతులెత్తేసేవారట. దెయ్యానికి ఆత్మను అమ్ముకుని ఆ విద్య సంపాదించాడని జనం చెప్పుకునేవారట. చివరి రోజుల్లో గొంతు పోయిందట. పోయాక చాలా ఏళ్ల దాకా సరైన సమాధి కూడా దక్కలేదట. అన్నీ చదివాను గానీ నన్ను పట్టుకున్నది ఒక్కటే. కచేరీ మధ్యలో ఒక్కొక్క తీగే తెగిపోతుంటే, మిగిలిన ఒక్క తీగ మీద ముగించేవాడట. ఆయనే ముందుగా తీగలను తెగేలా ఏదో చేసుకునేవాడని గిట్టనివాళ్లు అనేవారని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అది నిజమో కాదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ చిన్న అక్షరాలే పెద్దగా కనిపించాయి.

ఇక నీలయ్య. అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నేను నువ్వు అనేవాణ్ణి, అతను మేస్టారూ అనేవాడు. సాయంత్రం నేను సాధన చేస్తుంటే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు తీగ కింది చివర వదులైతే, నా చేతిలోంచి ఫిడేలు తీసుకుని ఆ ఉక్కు తీగకు ఏదో మెలిక వేసి ముడి బిగించాడు. వలలు అల్లే చేతులు కదా. ఆ ముడి ఏడాది కదల్లేదు. అప్పటినుంచి నా తీగలన్నీ అతనే కట్టేవాడు. వాళ్ల పడవ లంగరు తాడు ముడి కూడా అతనిదే. నీలయ్య వేస్తే ఇంక చూసుకోనక్కర్లేదని ఊరంతా అనేవారు. ఆ మాటకు ఎంత పొంగిపోయేవాడో! నాకు ఫిడేలు ఎలాగో అతనికి ముడి అలాగ.

పలాసలో జీడిపప్పు వర్తకులు వినాయక చవితి పందిట్లో నా కచేరీ పెట్టారు. ముందు రోజు నీలయ్య కొత్త తీగలు కట్టి ఇచ్చాడు. అతను వెళ్లాక తలుపు గడియ పెట్టుకుని సన్నటి ఆకురాయి తీశాను. లావు తీగ వదిలేసి, మిగతా మూడింటినీ కొంచెం కొంచెం అరగదీశాను. ఎక్కడ? పైన అయితే కనిపిస్తుంది. కింద, సరిగ్గా నీలయ్య వేసిన ముడి పక్కన. అక్కడ తెగితే చూసేవాళ్లకు ముడి జారినట్టే ఉంటుంది. తెగితే ఆ మాట ఎవరి మీదకు పోతుందో నేను ఆలోచించలేదా? ఇన్నేళ్లూ నన్ను నేను ఇదే అడుగుతున్నాను. చాలాసార్లు లేదనే చెప్పుకున్నాను. మీ ముందు అలా అనలేను. ఆలోచించాను. ఆలోచించే చేశాను.

కచేరీలో కల్యాణి ఎత్తుకున్నాను. మంచి ఊపులో ఉండగా, శ్రుతి సరిచేసుకుంటున్నట్టు తీగ బిగించే బిరడా ఒక్క పిసరు తిప్పాను. ఠంగుమంది. జనం అయ్యో అన్నారు. కాసేపటికి రెండోది. మూడోది తెగేసరికి పందిట్లో చడీచప్పుడు లేదు. మృదంగం ఆయన ఆపబోతే, కానివ్వండని తలూపాను. ఇక ఒక్క తీగ. అడుగు స్వరం నుంచి పై స్థాయి దాకా ఆ ఒక్క తీగ మీదే పాకాను. వేళ్ల చివర్లు మండిపోతున్నాయి. అబ్బ, ఎలా వాయించానండీ! ఇవాళ్టికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరికీ తెలియకుండా ఆరు నెలలు ఒక్క తీగ మీద సాధన చేశాను మరి. ఆ వాయింపులో మోసం లేదు. దానికి మాత్రం నేను సిగ్గుపడను, మీరేమనుకున్నా సరే. జనం లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు. ‘ఏకతంత్రి మాస్టారు’ అన్న పేరు ఆ పూటే పుట్టింది.

మైకు పట్టుకున్నాయన నవ్వుతూ, “ముడులు జారిపోయినా మాస్టారు ఆగలేదండీ” అన్నాడు. ఆ మాట నేను చెప్పించలేదు. కాదని కూడా అనలేదు. జనంలో ఉన్న నీలయ్య విన్నాడు. వేదిక వెనక్కి వచ్చాడు.

“మేస్టారూ, ముడి జారిపోనాదేటండి? ఒక్కపాలి సూడనియ్యండి.”

నేను ఫిడేలు పెట్టె మూసేశాను. “చూడ్డానికేముంది నీలయ్యా. జారింది.”

“మూడూనా?”

“మూడూ.”

“నా ముడి జారదండి మేస్టారూ. సముద్రంలోనే జారలేదు. ఓపాలి తియ్యండి, సూసీసి ఎల్లిపోతాను.”

“పోనీలే, ఎవరికైనా జరుగుతుంది. నేనేమైనా అన్నానా నిన్ను?”

చూశారా, క్షమించేశాను! అతను చెయ్యని తప్పుకు అతన్ని నేను క్షమించాను. అతను తన చేతులకేసి చూసుకున్నాడు.

“మరైతే నా సెయ్యే పోనాది” అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మాట అతనికంటే ముందే అక్కుపల్లి చేరింది. ఎవరూ తిట్టలేదు, తగువు పడలేదు. పడవలో అతను ముడి వేశాక ఇంకొకడు వచ్చి లాగి చూసేవాడు. అంతే. కొన్నాళ్లకు లంగరు తాడు వేరేవాడి చేతికిచ్చారు. బడి అయ్యాక ఒడ్డున నిలబడి అది నా కళ్లతో చూశాను. నోరు తెరవలేదు. నీలయ్య అరుగు మీదకు రావడం మానేశాడు. మరుసటేడు నేను టెక్కలికి బదిలీ చేయించుకున్నాను.

పోయిన నెల పాత శిష్యుడి గృహప్రవేశానికి అక్కుపల్లి వెళ్లాను. తిరిగి వస్తుంటే ఆటో దగ్గరకు నీలయ్య కొబ్బరికాయల గోనె మోసుకొచ్చాడు. ముసలివాడైపోయాడు. నా కోసమేనట. గోనె మూతి కట్టాడు. ముడి మీద ముడి, దాని మీద ఇంకోటి. పళ్లతో లాగి చూశాడు. మళ్లీ ఇంకోటి వేశాడు. చాల్లే నీలయ్యా, కొబ్బరికాయలే కదా అన్నాను. “నా ముడి కదండీ, నమ్మకూడదు” అని నవ్వాడు.

ఇంటికొచ్చి విప్పబోతే ఒక్కటీ రాలేదు. చివరికి కత్తి పెట్టి కోశాను. నీలయ్య ముడి దగ్గర మళ్లీ నేను కోయడమే.

అప్పుడు పాత డబ్బా ఒకటి తీశాను. ఆ కచేరీలో తెగిన తీగల కింది ముక్కలు అందులో ఉన్నాయి. నా విజయానికి గుర్తుగా దాచుకున్నవి. భూతద్దం పెట్టి చూశాను. ముడులన్నీ అతను బిగించినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పక్కనే నా ఆకురాయి గీతలు. ఎంత గొప్ప పనితనం! నా చేతుల గురించి ఇన్నేళ్లు గొప్పలు చెప్పుకున్నాను. అతని చేతుల గురించి ఒక్క మాట చెప్పవలసిన చోట పెట్టె మూసేశాను.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. రెండుసార్లు ఆ డబ్బా జేబులో వేసుకుని టెక్కలి బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మా గుమ్మం పక్కన బోర్డు మీద ఏకతంత్రి అని ఉంది. దాన్ని చూసే పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. అది తీసేయాలంటే ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. నీలయ్యకు చదువు రాదు. అది తెలిసే ఇలా కాగితం మీద పెడుతున్నానేమో. మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించవలసింది మీరు కాదు. కానీ రాస్తుంటే చాలా ఏళ్ల తర్వాత ఊపిరి కొంచెం ఆడుతోంది.

నీలయ్య ముడి ఒక్కటీ జారలేదు. తీగలు కోసింది నేను.