ఉంగరం లేని చోట ఉంగరం చప్పుడు

సముద్రం నడుమ ఉన్న మా చిన్న ఊరిని మరిచిపోని దేవునికి స్తోత్రం. అలసిపోయినవాళ్లను విసుక్కోకుండా మోసే ఆయనకే మహిమ. ఇది చదువుతున్న మీ అందరికీ ప్రభువు పేరట వందనాలు.

ముందే చెబుతున్నాను, దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. పోయినవాళ్లు తిరిగి వచ్చి మనల్ని పిలవరని సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. డాక్టర్ని అయ్యాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే ఈ సంగతి ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

మాది మాయాబందర్, దీవి మీది రేవు ఊరు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్నకి జెట్టీ దగ్గర వలలూ తాళ్లూ అమ్మే దుకాణం ఉంది. నేను విశాఖపట్నంలో వైద్యం చదివి, ఇంగ్లండు వాళ్ల పరీక్షలు రాసి, ఆ దేశపు ఉత్తరాన ఒక ఊరి ఆసుపత్రిలో చేరాను.

అక్కడ మంచివాళ్లు లేరని చెప్పను. ఉన్నారు. కానీ మెడలో స్టెతస్కోపు ఉన్నా, తిన్న ప్లేట్లు తీసుకెళ్లమని నా చేతికి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నేను అంతా పరీక్ష చేసి, మందులు రాశాక, "అసలు డాక్టరు ఎప్పుడు వస్తారు?" అని అడిగేవాళ్లు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత నవ్వడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, గుండె జబ్బు. కీళ్లు వాచిపోయి ఉంగరం వేలికి పట్టక, చిటికెన వేలికి పెట్టుకునేవాడు. మనిషి కావాలంటే బెల్లు నొక్కేవాడు కాదు. ఆ ఉంగరంతో మంచం పక్క ఇనుప కమ్మీ మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు వెంట వెంటనే, కాస్త ఆగి ఇంకొకటి మెల్లగా. వార్డంతా వినిపించేది.

ఆ చప్పుడు విని నేను వెళ్తే, తల తిప్పి చూసి ఒకటే మాట అనేవాడు.

"నువ్వు కాదు."

నా చేతులు తన మీద పడటానికి వీల్లేదన్నాడు. పై డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పాతకాలం మనిషి, మనసులో పెట్టుకోవద్దు, ఆ మంచం ఇంకొకరు చూస్తారులే అన్నారు. ఆయన దయగానే చెప్పారు. అయితే ఆ పెద్దాయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పక్కకు జరగాల్సింది నేను, జరిగాను.

కొన్నాళ్లకు ఆ పెద్దాయన తరఫున ఫిర్యాదు వచ్చింది. ఫలానా డాక్టరు నన్ను చూడటం లేదు అని. ముట్టుకోవద్దన్న మనిషే చూడలేదన్నాడు. నెలల తరబడి విచారణ జరిగింది. నా పనిలో తప్పు లేదని తేలింది. కానీ ఇంగ్లీషులో ఇంకా మృదువుగా మాట్లాడటం నేర్చుకోమని ఒక తరగతికి పంపారు. అంతకుముందు నాతో కలిసి టీ తాగినవాళ్లు ఆ నెలల్లో నన్ను చూడగానే ఫోను తీసి అందులో తల దూర్చేవారు.

అప్పటికి ఆ పెద్దాయన వృద్ధుల ఆశ్రమానికి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది. ఏ మంచం దగ్గరికి వెళ్లినా తెర పక్కన ఆగిపోయేదాన్ని. లోపలి నుంచి "నువ్వు కాదు" అని వస్తుందేమోనని ఎదురుచూసి, రాకపోతే అప్పుడు చెయ్యి చాపేదాన్ని. డాక్టరు అలా ఆగితే ఎలా? సెలవు పెట్టి మాయాబందర్ వచ్చేశాను.

తిరిగి వెళ్లననీ, ఇక్కడ కూడా వైద్యం చెయ్యననీ ఇంట్లో చెప్పాను. నాన్న "అయితే రేపట్నుంచి దుకాణంలో కూకో. తాడు కొలవడం నేర్పుతాను. అది నువ్వు ముట్టుకున్నా ఏటీ అనదు" అన్నారు. నవ్వించాలనే అన్నారు. ఇద్దరం నవ్వలేదు.

ఊళ్లోవాళ్లు రిపోర్టులు పట్టుకొచ్చేవారు. చదివి చెప్పేదాన్ని గానీ నాడి పట్టుకునేదాన్ని కాదు. అమ్మకి బీపీ చూడమంటే పక్కింటి నర్సు దీదీని పిలిచాను.

ఒక శుక్రవారం ఉదయం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనకు అమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లింది. రేకుల కప్పు, మధ్యలో ఇనుప స్తంభాలు, కింద చాపలు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు నగలు పెట్టుకోరు. ఉంగరం, గాజులు, కాలి మెట్టె, ఏదీ ఉండదు. ఆ రోజు వచ్చినవాళ్లంతా బాప్తిస్మం తీసుకున్నవాళ్లే.

పాటలు అయ్యాయి. పాస్టరమ్మగారు కాసేపు మౌనంగా ప్రార్థించమన్నారు. అంతా నిశ్శబ్దం. నేను కళ్లు మూసుకుని, ప్రభువా, నన్ను ఈ పని నుంచి విడిపించు అని అడుగుతున్నాను.

అప్పుడు వినిపించింది. వెనక వైపు నుంచి, ఇనుము మీద ఉంగరం చప్పుడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి మెల్లగా.

అలవాటు కొద్దీ ఆ మాట కోసం ఎదురుచూశాను. రాలేదు. చప్పుడు మళ్లీ వచ్చింది, అదే వరసలో.

వెనక్కి తిరిగి చూశాను. చివరి స్తంభానికి ఆనుకుని సత్తెమ్మత్త ఒక్కతే కూర్చుని ఉంది. చేపల గంప మోసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ముసుగు కళ్ల మీదికి జారింది, రెండు చేతులూ ఒళ్లో కొంగు కింద ఉన్నాయి. తల కొద్దిగా ఊగుతోంది. అందరూ ఆమె ప్రార్థనలో ఉందనుకుంటున్నారు. లేచి వెళ్లాను. దగ్గర్లో ఉన్న ఒక అక్క నా కొంగు పట్టుకుని ఆపింది.

"ఆత్మలో ఉంది పిల్లా. ముట్టుకోకు."

ఆ మాటకు నేను ఆగిపోయి ఉండాల్సింది. చాలా నెలలుగా అలాగే ఆగుతున్నాను. ఎందుకో ఆ రోజు ఆగలేదు. ముసుగు తీసి చెంప మీద చెయ్యి వేశాను. చల్లటి చెమట. పిలిస్తే మూలిగింది గానీ మాట లేదు. ఆమెకు షుగరు జబ్బు ఉందని నాకు తెలుసు. ఉపవాసం ఉండి, పొద్దున్న మాత్ర కూడా వేసుకుని ఉంటుంది, షుగరు పడిపోయింది.

పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ప్రార్థన అయ్యాక టీలోకని తెచ్చిన పంచదార తెప్పించి, తడిపి, కొంచెం కొంచెంగా చెంప లోపల రుద్దాను. అమ్మ జీపు భయ్యాకి ఫోను చేసింది. జీపు వచ్చేసరికి సత్తెమ్మత్త కళ్లు తెరిచింది. నా చెయ్యి ఇంకా ఆమె చెంప మీదే ఉంది.

"సేతులు సల్లగున్నాయి పిల్లా," అంది నీరసంగా. "ఆ దేసం నుంచి తెచ్చేవా?"

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక బాగా కోలుకుంది. ఉపవాసం ఉన్నప్పుడు మాత్ర ఎందుకు వేసుకున్నావని డాక్టరు కోప్పడితే, "గోలీ సర్కారుది, ఉపాసం దేవుడిది సాబ్. ఎవుల్నీ చిన్నబుచ్చకూడదని రెండూ సేసేను" అంది. వార్డులో అందరూ నవ్వారు. అంత నవ్వు నాకు వచ్చి ఎన్నాళ్లయిందో.

ఇక చప్పుడు సంగతి. అది నా మనసు చేసిన పనే అనుకుని వదిలేసేదాన్ని. కానీ సాయంత్రం పాస్టరమ్మగారు తనంతట తానే అడిగారు, మౌన ప్రార్థనలో ఆ టకటకలు ఎవరు చేశారమ్మా అని. పిల్లల పని అనుకున్నారట. పిల్లలంతా ఆ వేళ బడిలో ఉన్నారు. టీ కాసే బాబాయిని అడిగాను, చెంచా చప్పుడేమోనని. ఆయన అప్పుడు బయట కుళాయి దగ్గర బిందె నింపుతున్నారట. సత్తెమ్మత్తకైతే ఏమీ గుర్తులేదు.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి ఆ స్తంభాన్ని చూశాను. సముద్రపు గాలికి తుప్పు పట్టి కదులుతోందని, ఎప్పుడో దాని లోపల సిమెంటు పోసి నింపారు. తాళంచెవితో కొట్టాను. బండను కొట్టినట్టు మొద్దు చప్పుడు. రాయి తీసుకుని కొట్టినా అంతే. నేను విన్నది బోలు కమ్మీ చప్పుడు, ఆ వార్డు మంచం కమ్మీ చప్పుడు.

అది దేవదూత పనేనని సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరు అయ్యగారు. చెప్పలేకపోయాను. దేవదూత అయితే ఆ మనిషి ఉంగరం చప్పుడు ఎందుకు తెస్తాడు? ఆ పెద్దాయన ఆత్మ అని ఇంకెవరైనా అంటే, అసలు ఆయన పోయాడో బతికి ఉన్నాడో కూడా నాకు తెలియదు. తన రోగి కాని మనిషి సంగతి ఆరా తీసే హక్కు డాక్టరుకు ఉండదు. నేను అడగలేదు.

సెలవు అయ్యాక తిరిగి వెళ్లాను. అక్కడ ఏదీ మారలేదు. ప్లేట్లు ఇంకా నా చేతికి ఇస్తూనే ఉన్నారు. "నువ్వు కాదు" అనే మాట కూడా విన్నాను, ఇంకో నోటి నుంచి. అలసట అలాగే ఉంది. తెర పక్కన ఆగడం మాత్రం పోయింది. పిలిచినవాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. వద్దంటే అప్పుడు వింటాను.

ఈ ఏడు సెలవుకి వచ్చి ఇది రాస్తున్నాను. ఆ చప్పుడు ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. ఒక్కటే నాకు తెలిసింది. ఆ మనిషి ఉంగరం చప్పుడు తర్వాత "నువ్వు కాదు" అన్న మాట రాకపోవడం అదే మొదటిసారి.

చదివినవాళ్లు నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. నా కోసం కాదు. చిటికెన వేలికి ఉంగరం పెట్టుకున్న ఆ పెద్దాయన కోసం. పేరు రాయకూడదు. దేవునికి తెలుసు. ఆయన ఎక్కడున్నా, పిలిచినప్పుడు ఎవరో ఒకరు వెళ్లేలా, వెళ్లినవాళ్ల చెయ్యి ఆయన పట్టుకునేలా అడుగుదాం. ఆమేన్.