మచ్చలన్నీ తీసెయ్

2023. కెనడాలో వాన్ అనే ఊళ్లో గోడౌన్ల మధ్య ఉన్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రీప్రెస్ పని చూసేదాన్ని. అంటే అచ్చుకు వెళ్లేముందు ఫైళ్లు సిద్ధం చేయడం. ఆ ఏడాది ఏ బస్సెక్కినా మన విద్యార్థులే. వాళ్లలో లావణ్య అనే అమ్మాయి మా దగ్గరికి కో-ఆప్‌కి వచ్చింది. చదువులో భాగంగా నాలుగు నెలలు పని చేయాలి, చేస్తేనే ఆ టర్మ్ పాసైనట్టు. బాగా చేస్తే తర్వాత ఉద్యోగం ఇస్తానని మా ఓనర్ టోనీ మాటిచ్చాడు. ఆ పిల్ల ఆశలన్నీ ఆ మాట మీదే. తెనాలిలో వాళ్ల నాన్నది పెళ్లికార్డుల ప్రెస్సు కాబట్టి చెయ్యి తిరిగిన మనిషే.

ఆ వేసవిలో ఒట్టావా నుంచి మదాం లూసీ అనే రిటైర్డ్ ఫ్రెంచ్ టీచర్ ఒక చెక్కపెట్టె తెచ్చారు. అందులో పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో అచ్చయిన డెబ్భై ఎనిమిది టారో ముక్కలు. "జోస్యం ముక్కలతో నీకేం పనమ్మా?" అని మా చర్చిలో ఒకావిడ నన్ను నిలదీసింది. మొదట్లో అవి ఉత్త పేకాట ముక్కలేనని చెప్పినా నమ్మలేదు. చెక్క దిమ్మెతో గీతలు అచ్చువేసి, కత్తిరించిన అట్టల మీదుగా రంగులు పూసేవారట. నీలం రంగు అంచు దాటి రాజుగారి గడ్డానికి అంటుకుంటే అలాగే అమ్మేవారు. నాకవి తెగ నచ్చాయి.

అసలు ముక్కల్ని మ్యూజియానికి ఇచ్చేస్తూ మదాం తనకోసం ఫాక్సిమిలీ అడిగారు. పాతదాన్ని చిరుగుతో, మరకతో సహా ఉన్నదున్నట్టు అచ్చువేయడం అన్నమాట. లాంతరు పట్టుకున్న ముసలి సన్యాసి ముక్క తీసి, కింది మూల గోధుమరంగు వేలిముద్ర చూపించారు.

"ఇది మా ఆయన బొటనవేలు. ఆటలో ఈ ముక్క వస్తే ఓ పట్టాన వదిలేవాడు కాదు. ఇది పోకుండా చూడండి."

"చూస్తాను" అన్నాను.

స్కానింగ్ అయ్యాక మా అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కని రెండు రోజులు సెలవు పెట్టాను. స్కానర్ గాజు మీది దుమ్ము ఫైల్లో చుక్కలుగా పడుతుంది. వాటిని లావణ్యా నేనూ మచ్చలనేవాళ్లం. వెళ్లే హడావిడిలో పసుపు చీటీ మీద "మచ్చలన్నీ తీసెయ్" అని తెలుగులో రాసి ఆమె మానిటర్‌కి అంటించాను. వేలిముద్ర సంగతి చెప్పడం మరిచిపోయాను.

"ఒక్క మచ్చ లేదు ఆంటీ" అంది నేను తిరిగొచ్చాక. శభాష్ అన్నాను. ప్రూఫులో రంగులు సరిపోయాయా అని చూశానే గానీ మరకలు ఉన్నాయా అని చూడలేదు.

డెలివరీ రోజు మదాం పెట్టె తెరిచి, సన్యాసి ముక్క వెతికి, అటూ ఇటూ తిప్పారు.

"ఆయన వేలేది?"

లేదు. మొత్తం కట్ట పెళ్లికార్డంత శుభ్రంగా ఉంది. పెళ్లికార్డు మీద చిన్న నల్లచుక్క ఉన్నా మనవాళ్లు ఊరుకోరు. ఆ పిల్ల అలాగే నేర్చుకుంది.

మదాం కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాక టోనీ మా గదిలోకి వచ్చాడు. "ఇదెవరు చేశారు?"

"నేనే. కానీ..." అంటూ లావణ్య మానిటర్ వైపు చూసింది. చీటీ ఇంకా అక్కడే ఉంది.

టోనీ దాన్ని చూసి నన్నడిగాడు. "ఏం రాసుంది?"

ఆ బిల్డింగులో అది చదవగలిగేది మేమిద్దరమే.

"ఫైల్ పేర్లు" అన్నాను.

పదకొండేళ్లుగా తప్పు చేయని మనిషినన్న పేరు నాకక్కడ. ఆ పేరు పోతుందని భయపడ్డాను, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. లావణ్య ఆ చీటీ పైకి చదివి వినిపించవచ్చు. వినిపించలేదు. నలుగురిలో పెద్దవాళ్ల మాట కాదనకూడదని పెంచి ఉంటారు. ఆ పెంపకాన్ని నేను వాడుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆ సాయంత్రమే టోనీ ఆమెను మానేయమన్నాడు. లంచ్ బాక్స్ సర్దుకుని, చీటీ ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"తీసేయండి ఆంటీ. రేపు ఇంకెవరో మనోళ్లు చేరతారు. చదివితే మీకు బాగోదు."

అసలు స్కాన్లు భద్రంగా ఉండటంతో ముక్కలన్నీ నేనే మళ్లీ చేశాను. ఈసారి మదాం వేలిముద్ర మీద తన వేలు ఆనించి చాలాసేపు కూర్చున్నారు. "పొరపాటు చేసిందని టోనీ చెప్పిన ఆ అమ్మాయి ఏది? ఎవరూ చెప్పకపోతే పాపం ఆమెకెలా తెలుస్తుంది?" అన్నారు.

ఆ రోజే టోనీకి నిజం చెప్పాను. "ఇప్పుడా చెప్పడం?" అన్నాడు. కాలేజీ అప్పటికే ఆమెను ఆ టర్మ్‌లో ఫెయిల్ చేసింది. ఫోన్ చేశాను. మా వీధికి రెండు సిగ్నళ్ల అవతలే, ఒక గోడౌన్‌లో ఉంది.

"పర్లేదు ఆంటీ. ఇక్కడా స్కానింగే, బార్‌కోడ్లు" అని నవ్వబోయింది. నన్ను క్షమించమని అడిగాను. "బ్రేక్ అయిపోయిందాంటీ, ఉంటాను" అంది.

ఇప్పుడు ఎవరికి పని చెప్పినా ఇంగ్లీషులో రాసి కింద సంతకం పెడతాను, ఎవరైనా చదువుకోగలిగేలా. ఆ సంఘటన నేర్పింది అదే అని చెప్పుకుంటాను గానీ, అది పనికి సంబంధించిన పాఠం మాత్రమే. పసుపు చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. టోనీ అడిగినప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు చదివితే సరిపోయేది. ఉన్నది రెండే మాటలు.