ఏ ఊరికి ఏ బొమ్మ

కంబదూరులో సినిమా హాలు నడిపిన ఆయనకు ఏ ఊరోళ్లకు ఏ బొమ్మంటే ప్రాణమో నోటికొచ్చు. దారిలో మనిషి ఎదురైతే క్షేమం కన్నా ముందు, "మీ ఊరికి ఏ బొమ్మ తెమ్మంటావప్పా?" అని అడిగేవాడు.

వానల్లేని ఆ ఏడు, హాలు నిలబెట్టుకునేందుకు ఆఖరి ప్రయత్నంగా నెల పొడుగునా ఫస్టు షోకు కొత్త బొమ్మ, మ్యాట్నీకి రోజుకొక ఊరు మెచ్చిన పాత బొమ్మ వేసినాడు. మైకు కట్టిన ఆటో ఆ ఊరికి పోయి చెప్పొచ్చేది.

శెనక్కాయల గోడౌను పెట్టేందుకు ఆ హాలు బేరమాడదామని పోయి, ఒక మ్యాట్నీ పూట ఆయన పక్కనే కూర్చున్నా. అంగడోళ్ల బిడ్డను, ఎదుటోడి అవసరం వాసన పట్టడం నాకు చిన్నప్పుడే వచ్చింది. లోపల ఐదుగురున్నారు. ఆటో ఆయన తిరిగొచ్చి, "ఇండ్లకు తాళాలుండాయన్నా. అందరూ కూలికి బెంగుళూరు పోయినారు," అన్నాడు.

"యాడుంటారో కనుక్కోకపోతివా? బొమ్మ ఆడికే పంపిద్దుము," అన్నాడాయన. నవ్వుతాడేమోనని చూసినా. నవ్వలేదు.

అదను చూసి సగం ధరకే అడిగినా. ఆయన వెంటనే తలూపినాడు. ఇంటికి పోతా దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయినా, తాళాలేసిన ఊర్ల నుంచి శెనక్కాయలు ఎవరు తోల్తారురా అని మా నాయన అడిగేదాకా.